ఎర్రమన్ను గీత

మా డ్రిల్ సార్ పోయిన సంగతి పొద్దున నల్లా దగ్గర తెలిసింది. "సార్ పోయిండంట" అన్నది పక్కింటామె, బిందె పెడుతూ. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపినప్పుడే అందరికీ అర్థమైంది. నా కూతురు గడపలో నిలబడి వింది. భుజాన ఉన్న బడి సంచి తీసి మళ్లీ మేకుకు తగిలించింది.

తాండూరు అంచున, నాపరాయి పాలిష్ మిషన్ల పక్కనే మా సర్కారు బడి. అక్కడ సార్ నాకూ, తర్వాత నా కూతురికీ కబడ్డీ నేర్పారు. ఆడపిల్లకు కబడ్డీ ఎందుకని మా నాయన అడ్డం పడితే, ఇంటికొచ్చి, చాయ్ తాగి, నన్ను వెంటబెట్టుకుని పోయారు. ఆ మేలు నేను మరవలేదు. రిటైరయ్యాక కూడా బడి వెనుక సందులోనే ఉన్నారు, సాయంత్రం గ్రౌండ్‌కు రావడం మానలేదు.

కోర్టు గీతలు ఆయనే వేసేవారు. ఎక్కడైనా సున్నంతో వేస్తారు. మా గ్రౌండ్‌లో సున్నం కనబడదు. మిషన్ల నుంచి వచ్చే తెల్లబురద రోడ్డు పక్కన ఎండి, లారీ పోయినప్పుడల్లా లేచి వచ్చి గ్రౌండ్ మీద పడుతుంది. పైన సిమెంటు ఫ్యాక్టరీ పొగ. అందుకని సార్ కోట్‌పల్లి వైపు నుంచి సంచిలో ఎర్రమన్ను తెచ్చి, పిడికిట్లోంచి సన్నగా వదులుతూ గీసేవారు. "సున్నం మీద సున్నం ఎవనికి కనబడ్తది?" అనేవారు.

కూత గురించి ఆడినవాళ్లకు తెలుసు. ఒక్క ఊపిరిలో 'కబడ్డీ కబడ్డీ' అంటూ పోయి రావాలి. మధ్యలో తెగితే అవుట్. నా కాలంలో సార్‌కు ఈ విషయంలో దయ లేదు. ఒకసారి ఇద్దర్ని అంటి వచ్చి, నడిగీత ముందర కూత విడిచాను. "అవుట్! ఇంటికి పోయి ఏడ్వు" అన్నారు. పోయి ఏడ్చాను కూడా.

నా కూతురి కాలానికి పిల్లలు గీత దాటగానే దగ్గడం మొదలైంది. ముందు బద్ధకమనుకుని సార్ తిట్టారు, గ్రౌండ్ చుట్టూ ఉరికించారు. ఒక పిల్ల కూలబడి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి గుంజుకోవడం చూశాక ఉరికించడం మానేశారు.

వికారాబాద్‌లో పోటీలకు నేనూ వెంట పోయాను. మా పిల్లలు పోయినోళ్లు పోయినట్టే కూత తెగి అవుట్ అయ్యారు. "ఏందే, మీ సైలెన్సర్ ఖరాబైందా?" అని పెద్దేముల్ పిల్లలు నవ్వారు. "నీ మూతి ఖరాబ్ చేస్త" అని నా కూతురు మీదికి పోబోయింది. అంతలోనే దగ్గు వచ్చింది. తిరుగు బస్సులో సార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మర్నాడు విజిల్ ఊది, "ఇగ మన గ్రౌండ్ల కూత తెగినా అవుట్ లేదు" అన్నారు.

"గదేం కబడ్డీ సార్?" అని పిల్లలు నవ్వారు.

"మన కబడ్డీ గిట్లనే." తర్వాత నాతో మెల్లగా అన్నారు: "అవుట్ అనుకుంట పోతే ఆడేటోళ్లు ఎవరు మిగుల్తరు బిడ్డా?"

దుమ్ము గురించి, పొగ గురించి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒకసారి ఆఫీసర్లు జీపులో వచ్చి చూసిపోయారు. ఆ రోజు పొగ సన్నగా ఉంది. "సార్లు వస్తుండ్రని పొగ గూడ లీవ్ పెట్టింది" అన్నారు మా సార్. అందరం నవ్వాం. ఆయన నవ్వబోయి దగ్గారు.

ఎండాకాలం సెలవులకు నా కూతుర్ని మర్పల్లిలో మా అన్న ఇంట్లో ఉంచితే దగ్గు తగ్గింది. కూత పట్టి ఇల్లంతా తిరుగుతున్నదని వదిన ఫోన్‌లో చెప్పింది. తాండూరు రాగానే మళ్లీ మొదలైంది.

"ఆడ్నే ఉంచకపోయినవా?" అన్నారు సార్.

"ఎన్ని దినాలని ఉంచుకుంటరు సార్? వాళ్లకే జాగ చాలదు. మా ఇంటాయన పని మిషన్ మీదనే. ఇడిసిపెట్టి యాడికి పోతం?"

"ఔ, నేను గూడ పోలే" అన్నారు.

చివరిసారి చూడటానికి పోతే సార్ మంచం మీద కూర్చుని ఉన్నారు. మాట మాటకూ ఆగుతున్నారు. నా కూతుర్ని దగ్గరికి పిలిచి, "ఏది, కూత పట్టు" అన్నారు. అది పట్టింది. ఆయనా వెంట పెదాలు కదిపారు. ఇద్దరి కూతా దాదాపు ఒక్కసారే తెగింది.

"అవుట్ గాదు" అన్నారు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం నా కూతురు ఆయన వసారాలోని ఎర్రమన్ను సంచి అడిగి తెచ్చుకుంది. గ్రౌండ్‌లో చెరిగిపోయిన నడిగీత మళ్లీ వేయాలని. అడుగున మిగిలిన మన్ను సగం గీతకే వచ్చింది. మిగతా సగం కాలి బొటనవేలితో గీసింది.

రోడ్డు మీద లారీ పోయింది. దుమ్ము దిగేదాకా కొంగు ముక్కుకు పెట్టుకుని నిలబడ్డాను. దిగాక చూస్తే కాలితో గీసిన సగం లేదు. ఎర్ర సగం మీద తెల్లటి పొర. నా కూతురు దాని పక్కన మోకాళ్ల మీద వంగి, ఆ పొరను నోటితో ఊదుతోంది. కాస్త ఊది, ఆగి, దగ్గి, మళ్లీ ఊదుతోంది.