కట్టుడు పళ్లకు కాపలా

వీధిలో అందరూ ఆమెను పళ్లక్క అనేవారు. ముగ్గురు పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్ల సెట్లు చేసిపెట్టడం ఆమె పని. వంటింటి పక్క గదిలో ఒక బల్ల, వంగే దీపం, ప్లాస్టర్ అచ్చులు, గులాబిరంగు మైనం. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటిని సగం నడిపించింది ఆమె కుడిచేతి వేళ్లే. మిగతా సగం భర్త బస్సుల షెడ్డులో మెకానిక్కుగా నడిపేవాడు.

బొగ్గు అనే కుక్క ఆ ఇంటికి వచ్చింది పళ్లక్క చెల్లెలి పుణ్యాన. ఆమె ఇల్లు మారితే కొత్త ఇంటి యజమాని కుక్క కుదరదన్నాడు. మూడు నెలల నల్లకూనను పాత శాలువాలో చుట్టి తెచ్చి, పది రోజులు ఉంచుకోమంది. ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు.

కూనగా ఉన్నంతకాలం వాడు వెన్నముద్ద. ఎనిమిదో నెల వచ్చేసరికి కాళ్లు సాగాయి, పిలిస్తే వినబడడం మానేసింది. మేజోడు, తడి తువ్వాలు, ఏది దొరికితే అది కరుచుకుని మంచం కింద దూరేవాడు. దగ్గరికెళితే గుర్రుమనేవాడు. పక్కింటి డ్రైవరు ఉపాయం చెప్పాడు. తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టాలట, మధ్యలో గిన్నె లాగేసుకోవాలట, గుర్రుమంటే ఒక్కటివ్వాలట, అప్పుడే ఇంటికి పెద్ద ఎవరో తెలుస్తుందట. భార్యాభర్తలిద్దరూ మూడు వారాలు ఆ పాఠం శ్రద్ధగా చెప్పారు. బొగ్గు మొదట్లో గిన్నె మీద వంగి గబగబా మింగేవాడు. తర్వాత తినడం ఆపి, ఒళ్లంతా బిగబట్టి, కంటికొసతో చూసేవాడు. నాలుగో వారం కనీసం గుర్రుమనకుండా ఆమె చూపుడువేలు కరిచాడు.

సబ్బుతో కడుక్కుంది, ఇంజక్షన్ చేయించుకుంది. కట్టుకట్టిన వేలితో మైనం చెక్కబోతే కత్తి నిలవలేదు. ఏ పన్ను ఎంత లోతుకు దిగిందో గాయం చూసి చెప్పగలగడం ఆమెకు ఇంకా ఒళ్లు మండించింది. "నా చేతి తిండి తిని నా చేతినే కరుస్తాడా" అని రెండు రోజులు వాడి మొహం చూడలేదు.

మూడో రోజు అసలు గొడవ జరిగింది. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన మూడు వారాలుగా జావ తాగుతూ తన సెట్టు కోసం ఎదురుచూస్తున్నాడు. కట్టున్న వేలితోనే దాన్ని పూర్తిచేసి, మెరుగుపెట్టి, బల్ల అంచున పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. వచ్చేసరికి పై వరుస లేదు. మంచం కింద చీకట్లో, నల్లటి మూతి దగ్గర, పద్నాలుగు తెల్లటి పళ్లు ఇకిలిస్తున్నాయి.

ఆమె చీపురు తెచ్చింది. చీపురు సగం విరిగింది. అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన భర్త చేతికి తువ్వాలు చుట్టుకుని, నేను చూస్తాను తప్పుకో అని మంచం కింద దూరాడు. దూరినంత వేగంగానే మణికట్టు పట్టుకుని బయటికొచ్చాడు. కాసేపు ఇద్దరూ తప్పు నీదంటే నీదని అరుచుకున్నారు. చివరికి ఆమె పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

డాక్టరమ్మ ముందు గాయం సంగతి అడిగి, తర్వాత ఇన్నాళ్లూ ఏం చేశారో మొత్తం చెప్పించుకుంది.

"మీరు వాడికి నేర్పింది ఒక్కటేనమ్మా. చెయ్యి వచ్చిందంటే ఉన్నది పోతుందని. గుర్రుమంటే కొట్టారు, అందుకని ఇప్పుడు చెప్పకుండానే కరుస్తున్నాడు. ముందు అందరూ గదిలోంచి బయటికి రండి."

ఉడికించిన కోడిమాంసం ముక్కలు గుమ్మం నుంచి విసరాలని, వాడి కళ్లలోకి చూడకూడదని, వాడు దూరంగా పక్క గదిలోకి వచ్చి తలుపు పడ్డాకే ఆ వస్తువు తీసుకోవాలని చెప్పింది. పళ్లక్కకు ఓపిక ఎక్కడిది? మూడు ముక్కలు విసిరి, వాడు తల బయట పెట్టగానే లోపలికి ఉరికింది. వాడు ఆమెకన్నా ముందు మంచం కింద ఉన్నాడు. తనను తాను తిట్టుకుంటూ మళ్లీ గుమ్మం దగ్గర కూలబడింది. రెండోసారికి నలభై నిమిషాలు పట్టింది.

దొరికిన వరుసకు ముందు పళ్లు రెండు లేవు, అంగిలి భాగం పగిలింది. హెడ్మాస్టరుగారికి ఫోన్ చేసి అబద్ధమాడడానికి నోరు రాక ఉన్నదున్నట్టు చెప్పింది.

"పోనీలేమ్మా, వాడికైనా సరిగ్గా సరిపోయాయా?" అన్నాడాయన.

ఆమెకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, కొత్త మైనం వెచ్చబెట్టింది.

మర్నాటి నుంచి ఇంట్లో డాక్టరమ్మ చెప్పిన కొత్త రాజ్యాంగం. పని గదికి అడ్డంగా చెక్క గేటు. తింటున్నప్పుడు వాడి గిన్నె ఎవరూ ముట్టకూడదు. దూరంగా నడుస్తూ గిన్నెవైపు ఒక మంచి ముక్క విసిరి ఆగకుండా వెళ్లిపోవాలి, అంతే. రోజూ వాడికి అంత ఇష్టంలేని బొమ్మ ఇచ్చి, మాంసం ముక్క చూపించి వదిలించి, ఆ బొమ్మే మళ్లీ వాడికిచ్చెయ్యాలి. ఇచ్చేదాన్ని తీసుకోవడం దేనికని భర్త విసుక్కున్నాడు. ఆమె కూడా లోపల అదే అనుకుంది గానీ పైకి అనలేదు.

ఆరో వారానికి కాస్త దారిన పడ్డాడనుకుంటుండగా, కిందపడిన తువ్వాలు తీయబోయి మళ్లీ కాటు తింది. చర్మం తెగలేదు, కానీ మనసు విరిగిపోయింది. చెల్లెలికి ఫోన్ చేసి, వచ్చి నీ కుక్కను తీసుకుపో, నా వల్ల కాదు అంది. చెల్లెలు ఏడ్చింది. ఎవరికైనా ఇచ్చెయ్యి అక్కా అంది. ఎవరికి? కరిచే కుక్కను ఎవరు తీసుకుంటారు, తీసుకున్నవాళ్లు దాన్ని ఏం చేస్తారు? ఆ ప్రశ్నకు జవాబు తెలిసే పళ్లక్క గొణుక్కుంటూ మాంసం ఉడకబెట్టడానికి లేచింది.

బొగ్గుకు ఇప్పుడు ఏడాది దాటింది. మనిషి దగ్గరికొస్తే గిన్నెలోంచి తలెత్తి, ఏం తెచ్చావన్నట్టు చూస్తాడు. తువ్వాలు దగ్గర మాత్రం ఇప్పటికీ గుర్రుమంటాడు. ఆ గుర్రుకు ఎవరూ కొట్టరు, వెనక్కి తగ్గుతారు. చివరి కాటు పడి నాలుగు నెలలైంది. పూర్తిగా మారతాడా అని డాక్టరమ్మను అడిగితే, తువ్వాళ్లు పైన ఆరేసుకోండమ్మా అంది.

మొన్న బొగ్గు ఆమె భర్త చెప్పు నోట కరుచుకుని ఎదురొచ్చి, ఎవరూ అడక్కుండానే ఆమె ముందు వదిలేసి కూర్చున్నాడు. ఆమె జేబులో ముక్కల్లేవు. "ఉండరా, తెస్తాను" అని ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి చెప్పు మళ్లీ వాడి నోట్లో ఉంది. పళ్లక్క నిట్టూర్చి, నాలుగడుగుల దూరంలో నేలమీద కూర్చుని, ముక్క విసిరింది.