తినని రోజున ఆపిన సూది

బస్టాపు పక్కన రెండు కుర్చీల కటింగ్ షాపు ఆయనది. అందరూ మెత్తచెయ్యి అని పిలిచేవారు. గడ్డం గీస్తుంటే కత్తి ఆనినట్టే తెలిసేది కాదు. పని అయ్యాక కునుకు తీస్తున్నవాళ్లను భుజం తట్టి లేపాల్సి వచ్చేది. ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు. భోజనానికి ముందు అద్దం చాటుకు వెళ్లి పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకునేవాడు. "అందరి గొంతు మీదా కత్తి పెట్టినందుకు నాకీ శిక్ష" అని నవ్వుతూ ఇవతలికి వచ్చేవాడు.

ఆ చలికాలం ఎవర్ని చూసినా దగ్గే. షుగరున్నవాళ్లు ఫ్లూ టీకా వేయించుకోవాలని ఆసుపత్రి నర్సు ముందే చెప్పింది. "పని తగ్గాక వస్తానమ్మా" అన్నాడు. పని తగ్గలేదు. ఎన్నాళ్లుగానో వచ్చే పెద్దాయన ఒకరు ముక్కు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటే, లేవమనడానికి నోరు రాలేదు. గడ్డం గీసేవాడి ముఖం ఎదుటివాడి ఊపిరికి జానెడు దూరంలోనే ఉంటుంది.

రెండు రోజులకు జ్వరం పట్టుకుంది. ముద్ద నోట్లో పెడితే వాంతి. భార్య సూది తెచ్చిస్తే పక్కన పెట్టేశాడు.

"తిండే లేనప్పుడు సూదెందుకే? షుగర్ పడిపోతే పోతాను."

"డాక్టరమ్మని ఓ మాట అడుగుదామండీ."

"జలుబు జ్వరానికి డాక్టరేంటి? రేపటికి అదే పోతుంది."

ఆమెకూ అది సబబుగానే తోచింది. మర్నాటికి చెంబులకు చెంబులు నీళ్లు తాగి, తాగినవన్నీ కక్కుతున్నాడు. ఊపిరి ఎగదన్నుకొస్తోంది. నోటి నుంచి మాగిన పండు వాసన. పిలిస్తే పలకడం మానేశాక ఆమె తమ్ముడు ఆటో తెచ్చాడు.

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. అలసిన గొంతుతో చెప్పింది.

"జబ్బు చేసినప్పుడు తినకపోయినా షుగర్ పెరుగుతుందమ్మా. సూది మొత్తానికి ఆపకూడదు. మాటిమాటికీ పరీక్ష చేసుకుని, ఎంత వేసుకోవాలో మాకు ఫోన్ చేసి అడగాలి."

"మాకు తెలీదమ్మా" అంది భార్య.

మనిషి బతికాడు. కానీ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి వాటిని పాడుచేసింది.

మాస్కు కట్టుకుని మళ్లీ షాపు తెరిచాడు. దగ్గేవాళ్లను గుమ్మంలోనే ఆపాడు. "మెత్తచెయ్యికి పొగరెక్కింది" అని కొందరు మొహం తిప్పుకున్నారు. ఒక మధ్యాహ్నం సగం గడ్డం గీసేసరికి ఆయాసం ముంచుకొచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. వచ్చినాయన తువ్వాలుతో నురగ తుడుచుకుని, "మీరు కూర్చోండి, మిగతాది ఇంటి దగ్గర గీసుకుంటాలే" అని మెల్లగా వెళ్లిపోయాడు. తిట్టి పోయినా మెత్తచెయ్యి అంత బాధపడేవాడు కాదు. ఆ వారమే షట్టరు దించేశాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఈసారి టీకా వేయించుకున్నాడు, సూది ఒక్క పూట తప్పలేదు. కూతురు తన పాపను తీసుకొచ్చింది. పాపకు జలుబు. భార్య గుమ్మం బయటే ఆపేసింది.

"ఒక్కసారి చూసి పోతామమ్మా."

"చూడు. అక్కణ్నుంచే చూడు."

పాప జుట్టు పెరిగి కళ్లలో పడుతోంది. పుట్టినప్పటి నుంచి తాత చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడని జుట్టు. ఆయన మంచం మీంచే చాలాసేపు చూశాడు.

"ఎక్కడన్నా కత్తిరించమ్మా" అన్నాడు.

"సరే నాన్నా."

వాళ్లు వెళ్లాక భార్య ఆయన వేలు గుచ్చి, చుక్క రక్తం తీసి మీటరు చూసింది.

"బాగుందండీ."

"బాగుండి ఏం చెయ్యాలే?"

ఆమె ఆయన వేలికి దూది అద్ది, కిటికీ మూసింది.