బావ పెట్టని దరఖాస్తు

మీ ఇంట్లో ఒక మనిషి ఒక కాగితం మీద సంతకం పెట్టనని మొండికేస్తే, ఎందుకని మీరు నిజంగా అడిగారా, లేక నాలాగే జవాబు కూడా మీరే చెప్పేసి, దాన్ని ఖండించి, గెలిచానని లేచి వచ్చేశారా?

మొన్న ఆదివారం మా అమ్మాయి సూర్యాపేట వచ్చింది. తను పనిచేసే కంపెనీ తనకు వాటాలు కొనుక్కునే హక్కు ఇచ్చిందట. అందుకోసం ఆదాయపన్ను వాళ్ల దగ్గర పేరు నమోదు చేసుకోవడం, వివరాలు సరిచూసుకోవడం అంతా సోఫాలో కూర్చుని, ఫోన్ మీదే, నేను పేపర్లో సంపాదకీయం చదివేలోపు ముగించేసింది. సంతోషించాల్సింది పోయి నేను పేపరు మడిచి పక్కన పడేశాను. ఈ పనే ఒకప్పుడు మా ఇంట్లో ఒక మనిషి ముసలితనాన్ని మార్చేసింది మరి.

నేను మిర్యాలగూడలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజులవి. మా బావ, అంటే అక్క భర్త, అదే కంపెనీకి కోదాడలో ఉన్న గోదాములో సూపర్‌వైజరు. నేరేడుచర్ల, పాలకీడు వైపు నుంచి వడ్లు వస్తే గింజను పంటి కింద కొరికి, మిషను చెప్పే లోపే తేమ ఎంతుందో చెప్పేవాడు. పెద్ద కంపెనీ ఒకటి మా కంపెనీని కొనబోతోందని తెలిసి, మా యజమాని పాత ఉద్యోగులకు ఒక మేలు చేశాడు: ఇవాళ్టి ధరకు కాక, ఎప్పుడో రాసుకున్న తక్కువ ధరకు కంపెనీ వాటాలు కొనుక్కోవచ్చన్నాడు. ఆ రెండు ధరల మధ్య తేడాను జీతంగానే లెక్కించి పన్ను పట్టుకుంటారు కనుక ప్రతి ఒక్కరికీ పాన్ కార్డు ఉండాలి. గడువు ఒక నెల. గడువు దాటితే హక్కు పోయినట్టే. దరఖాస్తులు నింపించి ఫొటోలు అంటించి పంపే పని నా నెత్తిన పడింది.

మా వాళ్లలో చాలామందికి అదే మొదటిసారి ఆదాయపన్ను శాఖ పేరు వినడం. పేరు ఇస్తే అధికారులు వచ్చి గోడలు కొట్టి చూస్తారని ఒకాయన, బీరువా తాళాలు అడుగుతారని ఇంకొకాయన భయపడ్డారు. బతిమాలి, బెదిరించి అందరి చేతా సంతకాలు పెట్టించాను. మిగిలింది మా బావ ఒక్కడే.

ఆయన అన్న మాట ఒక్కటే. "మూఢం నడుస్తుందిరా బామ్మర్ది. అది పోనీ, అప్పుడు పెడత."

ఇక చూడండి నా వీరంగం! అప్పట్లో నెలకోసారి సూర్యాపేట గ్రంథాలయంలో జరిగే చర్చల్లో జాతకాలనూ వాస్తునూ చీల్చి చెండాడి చప్పట్లు కొట్టించుకుని వచ్చేవాణ్ని. అలాంటి నాకు సొంత బావే మూఢం అంటే ఊరుకుంటానా? కోదాడలో వాళ్ల వాకిట్లో కూర్చుని, శుక్రుడు సూర్యుడికి దగ్గరగా కనిపించడానికీ, మనిషి తన పేరు రాసి సంతకం పెట్టడానికీ ఏం సంబంధమో చెప్పమని గంటసేపు నిలదీశాను. నేల మీద సుద్దముక్కతో సూర్యుణ్నీ గ్రహాలనూ గీశాను కూడా. బావ తల వంచుకుని విన్నాడు. చివరికి అక్కే, "ఇగ ఆపురా తమ్ముడా, సుక్కలన్నీ నా వాకిట్లనే దించుతవా ఏంది?" అని చీపురు అందుకుంది. నేను గెలిచాననుకున్నాను.

మూఢం గడువులోపే వెళ్లిపోయింది. బావ రాలేదు. ఆఖరి రోజు ఫోన్ చేస్తే, "సూర్యాపేటల ఉన్న, బస్సు దొర్కుతలేదు" అన్నాడు. సూర్యాపేటలో బస్సు దొరకకపోవడం ఏమిటని ఒక్క క్షణమైనా ఆలోచించనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

వాటాలు తీసుకుని, తర్వాత పెద్ద కంపెనీకి మంచి ధరకు అమ్మినవాళ్లలో ఒకాయన అనంతగిరి దగ్గర పొలం కొన్నాడు, ఇంకొకాయన ఇల్లు కట్టాడు. మా బావ అరవై దాటాక కూడా రైసుమిల్లులో కాపలాకు కుదిరాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నేను, "మా బావ వాటాలను శుక్రుడు మింగాడు" అని పదిమందిని నవ్వించేవాణ్ని. ఆయనా నవ్వేవాడు.

వాటాల మాట రాకముందే అక్కకు ఒకసారి గుండె ఆపరేషన్ అయింది. ఎవరు కట్టారు, ఎలా అయింది అని నేను ఏనాడూ అడగలేదు. రెండోసారి అవసరమై హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్లినప్పుడు నేనూ వెంట వెళ్లాను. అక్కడ ఉచిత వైద్యానికి పేర్లు రాసుకునే కిటికీ దగ్గర బావ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన తెల్లకార్డు తీశాడు. ఆ రేషన్ కార్డు ఉంటేనే వైద్యం ఉచితం. ఇంట్లో ఆదాయపన్ను కట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని లోపలి మనిషి అడిగాడు.

"నాకు ఆ పాన్ నంబరే లేదు సార్" అన్నాడు బావ.

మూఢం సంగతి నాకు అప్పుడు అర్థమైంది. బయటికి వచ్చాక, నాకెందుకు చెప్పలేదని అడిగాను. "నీకు చెప్తె ఏం చేస్తవ్? మూఢం అంటె శుక్రుని మీద పడ్డవ్. కార్డు అంటె పొయ్యి ఆఫీసరు మీద పడ్తవ్. శుక్రుడైతె పడి ఉంటడు, ఆఫీసరు ఊకుంటడా?" అన్నాడు. ఇన్నేళ్లలో అక్క ముందు ఈ మాట ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. ఆమె కోసమే వాటాలు వదులుకున్నానని ఆమెకు తెలియకూడదన్నది ఆయన పట్టుదల.

మూఢనమ్మకం అని నేను ఎగతాళి చేసింది నిజానికి ఒక లెక్క: నంబరు తీసుకుంటే కార్డు పోతుంది, కార్డు పోతే ఉచిత వైద్యం పోతుంది. మళ్లీ తప్పదని డాక్టర్లు చెప్పిన ఆపరేషన్ ఒక పక్క, రాబోయే వాటాలు ఇంకో పక్క పెట్టి తూచి, భార్యను ఎంచుకున్నాడాయన. తెలిసీ తెలియని లెక్కే కావచ్చు. కానీ సరైన లెక్క ఎవరు చెప్పారు? తర్వాత నేనే తిరిగాను. పన్ను కాగితాలు రాసే ఆయనేమో, పాన్ నంబరు ఉన్నంత మాత్రాన కార్డు పోదన్నాడు, మీసేవలో పోతుందన్నారు, తహసీల్దారు ఆఫీసులో రేపు రమ్మన్నారు. రేపు వెళ్తే, ఆదాయం చూసి నిర్ణయిస్తామన్నారు. ఏ ఆదాయం, ఏ ఏడాదిది, వాటాల తేడా అందులోకి వస్తుందా అంటే అందరూ ఫ్యాను వంక చూశారు. ఒక పేద ఉద్యోగిని ఇలా రెండు కాగితాల మధ్య నిలబెట్టి, అతను భయపడితే అజ్ఞాని అనడం ఏం న్యాయం? ఆ అన్నవాళ్లలో నేనే ముందున్నాను కదా, ఎవరిని తిట్టను?

ఇప్పుడు వరుసలు లేవు, ఫొటోకు జిగురు పూయడం లేదు, అంతా వేలి కొసన అయిపోతోంది. మా రోజుల్లో కనీసం నసిగే మనిషి ముఖం ఎదురుగా కనిపించేది, చూడగలిగితే. నేను చూడలేదు, అంతే. ఇప్పుడు ఆ ముఖం కూడా తెర వెనక్కి పోయింది. దరఖాస్తు పెట్టనివాడు ఎందుకు పెట్టలేదో ఏ ఫోనూ అడగదు.

కనుక మీరు అడగండి. మీ ఆఫీసులో, మీ మిల్లులో, మీ ఇంట్లో ఎవరు వెనకాడుతున్నారో వాళ్ల పక్కన ఇవాళే కూర్చోండి. ఉపన్యాసం ఇవ్వకండి. భయమేమిటో చెప్పించండి, దాన్ని ప్రశ్నగా రాయించండి, ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లండి. నోటిమాటతో తిరిగి రాకండి. జవాబు రాసి, ముద్ర వేసి చేతికిచ్చేదాకా ఆ కిటికీ ముందు నుంచి కదలకండి.