రాజం కట్టిన ఎర్రదారం

బొగ్గుగని మేనేజరు బంగళా తోటలో మాలి రాజం మంత్రం దారం కట్టాడని, దొరకు బదిలీ వచ్చింది దానివల్లేనని మందమర్రి కాలనీలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. దారం కట్టిన మాట నిజం. మంత్రం మాట అబద్ధం. ఉన్నదున్నట్టు కళ్లారా చూసింది బాలవ్వ.

ఆమె రోజూ పొద్దున బంగళాకు పెరుగు పోసేది. పోసి ఊరికే వచ్చే మనిషి కాదు. ఆ చలికాలం కంచె వెంట పాకిన తీగల దగ్గర చతికిలబడింది.

"గివేం పూలు రాజం? బఠాణి తీగలెక్కనే ఉన్నది."

"స్వీట్‌పీ అంటరక్కా. బఠాణికి సుట్టమే. గని గింజ నోట్లె పెట్టకు, విషం."

"మీ ఐలవ్వ వండిన కూరనే సూసి తింట, గిది తింటనా?"

మాట తన పెళ్లాం వంట మీదికి పోయేసరికి రాజం నవ్వాడు. అతను ఆరేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి, కాలు నలిగాక తోటపనికి వచ్చినవాడు. గింజల పొట్లం ఏటా బెంగుళూరు నుంచి దొరసాని చెల్లెలు పంపేది. గింజ రాయిలా ఉంటుంది కాబట్టి ఒక్కొక్కదాన్నీ చాకుతో కొద్దిగా గీకి, నానబెట్టి, దీపావళి ముందు పెట్టేవాడు. మాఘంలో పూసేవి. పెద్దపెద్ద ఎర్రవి, గులాబీవి, ఊదావి. కంచె మూలన ఏటా ఒక్క తీగకు మాత్రం వెలిసిన చీర రంగులో చిన్న పూలు. ఆ తీగకే ఎర్రదారం ఉంది. ఐలవ్వ పుట్టింటివాళ్లు నేతగాళ్లు, దారానికి కొదవ లేదు.

"ఎందుకు కట్టినవ్?"

"గుర్తుకు."

అంతకుమించి చెప్పలేదు. బాలవ్వకు ఆ పూట అన్నం సయించలేదు. నల్లా దగ్గర నలుగురినీ అడిగింది, ఎందుకు కట్టి ఉంటాడని. సాయంత్రానికి అది మంత్రమైంది.

శివరాత్రి దాటగానే దొరకు బదిలీ వచ్చింది. ఇక కాలనీ నోరు మూసేదెవరు? రాజం దిగులు వేరు. వచ్చే ఏడు పొట్లం రాదు. గింజ దొరికితే ఈ ఏడే దొరకాలి. తీగకు కాయ నిలిస్తే పూత ఆగిపోతుందని దొరసాని కాయలన్నీ గిల్లేయించేది. ఎర్రదారం తీగ మీద మాత్రం ఆకుల చాటున కాయల్ని వదిలేశాడు. ఇంకా పచ్చివే.

వీడ్కోలు విందుకు పూలు కోయించడానికి దొరసాని తోటలోకి వచ్చింది. కాయలూ చూసింది, దారమూ చూసింది.

"మంత్రమని అందరూ అంటున్నది ఇదేనా రాజం?"

అప్పుడే పెరుగు పోయడానికి వచ్చిన బాలవ్వ ముంత కింద పెట్టింది.

"మంత్రం గాదు దొరసానమ్మా, గింజకు గుర్తు. గుర్తుకని నాతోనే అన్నడు, గీ కాయలు సూస్తె గింజకేనని ఎర్కైతున్నది. మంత్రమని లేసింది నా నోటికెల్లే, నేనే అడగరానికాడ అడిగిన."

దొరసాని కంచె పొడవునా చూసింది. "సరే, ఒక్క తీగ ఉంచుకో. మిగతావన్నీ కోసెయ్. ఏది కావాలో నువ్వే చెప్పు."

గుమ్మడిపువ్వులా నిండుగా విచ్చిన ఎర్రవి ఎదురుగానే ఉన్నాయి. రాజం కుంటుకుంటూ మూలకు పోయి, వెలిసిన పూల తీగ పక్కన నిలబడ్డాడు.

ఎండలు ముదిరాయి. తడి గోనెపట్టా నీడన ఆ తీగను పదిహేను రోజులు కాపాడాడు. కాయలు గోధుమరంగుకు తిరిగి పగిలేలోపు తుంచితే ఇరవై మూడు గింజలు దక్కాయి.

మరుసటేడు మాఘంలో కొత్త దొర తోటవైపు తొంగిచూడలేదు గానీ, కంచె పొడవునా అవే పూశాయి. పెరుగు ముంతతో వస్తున్న బాలవ్వకు గేటు దగ్గరే వాసన తగిలింది. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నిజం చెప్పు రాజం. గంత మంచి ఎర్రవి ఇడిసిపెట్టి గీ ఎలిసిందాన్ని ఎందుకు ఉంచినవ్?"

రాజం తీగను కర్రకు కడుతూనే చెప్పాడు.

"బాయిల రాత్రి డ్యూటీ దిగి గీ కంచె పొంటే ఇంటికి పోతుంటి అక్కా. పైకి రాంగనే ఎండకు కండ్లు మూతలువడ్తుండె. ఎర్రవున్నయో, ఊదావున్నయో నాకేం ఎర్క? గీ మూలకాడ గీ పూల వాసన తగిల్తెనే, ఇంకో నాలుగడుగులేస్తె ఇల్లని తెలుస్తుండె."