నా ల్యాబ్‌లో నీలం కోటు

మా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందంటే ముందు గోడలకు రంగులు వస్తాయి, ఆ తర్వాత పూలకుండీలు వస్తాయి. రంగులూ కుండీలూ ఎవరికి చేదు? మనుషుల్ని కూడా తెచ్చి పెడతారని మాత్రం నాకు ఆ ఏడాదే తెలిసింది.

మాది బెజవాడ దాటాక కాలువ పక్కనున్న డిగ్రీ కాలేజీ. నేను కంకిపాడు నుంచి బస్సులో వెళ్ళొస్తాను. అక్కడ జువాలజీ చెబుతాను. చెబుతాను అనడం అలవాటైపోయింది, చెప్పేదాన్ని అనాలి. ఎమ్మెస్సీ అవ్వగానే చేరాను. పిహెచ్‌డీ లేదు. మొదలుపెడదామనుకున్నప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడ్డారు. అటెండరు రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు కాబట్టి మా డిపార్టుమెంటుకు హెడ్డునూ నేనే, లెక్చరర్నీ నేనే, సీసాలు కడిగేదాన్నీ నేనే. దాని గురించి నేనెప్పుడూ గొణగలేదు. ఆ ల్యాబంటే నాకు ప్రాణం.

ఏటా ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. నీళ్ళు ఆగిపోయి బందరు కాలువలో అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. ఆ మడుగుల్లో చేపలు గిలగిల్లాడుతుంటాయి. ఊళ్ళోవాళ్ళు గంపలు పట్టుకుని దిగుతారు, నేను నా పిల్లల్ని దింపుతాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాలి లోతు బురదలో నిలబడి కొర్రమీను ఎలా ఊపిరి తీసుకుంటుందో చెబుతాను. బొమ్మిడాయి చేతిలోంచి జారిపోతుంటే ఆడపిల్లలు కెవ్వుమంటారు. క్లాసులో ఏడాదంతా నోరు విప్పని పిల్ల కూడా ఆ రోజు ఏదో ఒకటి అడుగుతుంది. మా ల్యాబ్ సీసాల్లో సగం చేపలు ఆ బురదలోంచి వచ్చినవే.

కమిటీ పని మొదలయ్యాక ఐదేళ్ళలో ఏమేం చేశామో చూపించమన్నారు. నేను కాలువ సంగతి చెప్పాను. ఫొటోలున్నాయా అని అడిగారు. బురదలో దిగినప్పుడు ఫోను గట్టు మీద సంచిలో ఉంటుంది, ఫొటో ఎవరు తీస్తారు? ఫొటో లేకపోతే జరగనట్టే మేడమ్ అన్నాడు కంప్యూటర్ సైన్సు మాస్టారు, పాపం ఆయనా ఏం చేస్తాడు. ఆ కాలమ్ ఖాళీగా వదిలేశారు.

జరగనివన్నీ మాత్రం జరిగిపోయాయి. మహిళా దినోత్సవం, నీటి దినోత్సవం, ఓజోన్ దినోత్సవం, ఐదేళ్ళవీ ఒక్క మధ్యాహ్నంలో అయ్యాయి. సంచిలో చీరలు తెచ్చుకోమన్నారు. ఒక బ్యానరు దింపడం, ఇంకోటి కట్టడం, మేం గదిలోకి పరిగెత్తి చీర మార్చుకు రావడం. ఒక ఫొటోలో నేను ముఖ్య అతిథికి పూలగుచ్ఛం ఇస్తూ ఉంటాను. ఆ ముఖ్య అతిథి మా ఫిజిక్స్ మాస్టారి బావమరిది. ఆ రోజు అందరం కడుపు పట్టుకుని నవ్వాం. నేను కూడా నవ్వాను, నాదాకా వస్తుందని నాకేం తెలుసు?

ప్రిన్సిపాల్‌గారు ఒక రోజు నన్ను పిలిచి, తలుపు తనే దగ్గరకు వేశారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికైనా వీలుండేది. పిహెచ్‌డీ లేని డిపార్టుమెంటు వల్ల మార్కులు పోతాయట. ఎలాగూ పిల్లలంతా కంప్యూటర్లకే పోతున్నారు, గ్రేడు తగ్గితే జువాలజీ గ్రూపు ఎత్తేద్దామని మేనేజ్‌మెంటు చూస్తోందట. గ్రూపు పోతే నేనూ పోతాను. అందుకని గుంటూరు నుంచి పిహెచ్‌డీ ఉన్న ఒక మేడమ్‌ని తీసుకొచ్చి, మూడేళ్ళుగా ఇక్కడే పాఠం చెబుతున్నట్టు చూపిస్తారు. మరి నేనెవర్ని? ఆ మాటకు ఆయన నా మొహం చూడలేదు. అటెండరు లేడని కూడా మార్కులు పోతాయి కదా, మిమ్మల్ని ల్యాబ్ అసిస్టెంటుగా చూపిస్తే రెండూ సరిపోతాయన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండు రోజులే మేడమ్. కమిటీ బస్సెక్కగానే మీ కుర్చీ మీదే. ఏమీ అనుకోకండి, మీ కోసమే చేస్తున్నాను" అన్నారాయన.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, ఉద్యోగం నిలబడాలి కదా, ఓర్చుకో అన్నాడు. మా అత్తగారు విషయమంతా వినకుండానే ఆదివారం చర్చిలో లేచి, మా కోడలి కాలేజీకి మంచి గ్రేడు రావాలని ప్రార్థన చేయమని అడిగింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని నిండు మనసుతో చేశారు. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను. ఏం చెయ్యను, సంఘం అంతా అంటోంది.

గుంటూరు మేడమ్ వచ్చింది. నాకంటే చిన్నది. రాక్షసిలా ఉంటుందనుకుని సిద్ధపడ్డాను గానీ, ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావచ్చా అండీ అని అడిగింది. ఆవిడకూ ఎక్కడా ఉద్యోగం లేదు. ఏ సీసా ఏ బీరువాలో ఉందో, మైక్రోస్కోపుల్లో ఏది పనిచేస్తుందో, ఏది చూపించడానికే ఉందో అన్నీ నేనే నేర్పాను. కమిటీ ముందు ఆవిడ తడబడితే కొంప మునిగేది నాది కదా. సీసాల మీద నా చేతిరాత చీటీలు పీకేసి అచ్చు చీటీలు అంటించాం. ఆవిడ అంటిస్తూ ప్రతి సీసాకూ ఒక సారీ చెప్పింది. ఊరుకోండి అని కసిరాను.

ఇక పిల్లలకు తర్ఫీదు. ఆ మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, నేను కమిటీ అయ్యాను. మీకు పాఠం చెప్పేదెవరు అని అడుగుతాను. వాళ్ళు ఆవిడ పేరు చెప్పాలి. పేరు చెబుతారు, కళ్ళు మాత్రం నా మీదకు వస్తాయి. పేరు ఆవిడది, చూపు నాది. కమిటీవాళ్ళు గడ్డి తింటున్నారా, ఆ మాత్రం కనిపెట్టరా?

చల్లపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్ల ఉండేది. క్లాసులో అందరికంటే చురుకు. దానికి అబద్ధం నోట పలకదు. నాలుగు మాటలు సరిగ్గానే చెప్పి, చివర్లో ఇంత మొహం చేసుకుని నన్ను చూసేది. "నా మొహంలో ఏముందే? అటు చూడు. నా ఉద్యోగం తీయించేస్తావా?" అని గట్టిగానే అరిచాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత మళ్ళీ చేయించాను, మళ్ళీ చేయించాను. నేను ల్యాబ్‌లో అటూ ఇటూ తిరుగుతూ సీసాలు చప్పుడు చేసినా తల తిప్పకూడదన్నాను. ఆఖరికి అందరూ నేర్చుకున్నారు. ఒక విద్య బాగా వచ్చేదాకా వదలకపోవడం నా పద్ధతి.

కమిటీ వచ్చిన రోజు సహాయక సిబ్బందికి నీలం కోట్లు ఇచ్చారు. చీర మీద వేసుకున్నాను. గంజి వాసనేస్తూ మెడ దగ్గర కోసుకుపోతోంది. జేబు మీద నా పేరూ, దాని కింద ల్యాబ్ అసిస్టెంట్ అనీ ఉంది. బయట డప్పులు మోగాయి, ఎన్‌సీసీ పిల్లలు సెల్యూట్ కొట్టారు, కుండీల మధ్య నుంచి కమిటీవాళ్ళు ముగ్గురు నడిచొచ్చారు. ఉత్తరాది ప్రొఫెసర్లు, వాళ్ళలో ఒకావిడ జువాలజీయే. నేను బీరువా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ సీసాలన్నీ ఓపిగ్గా చూసింది. పైఅరలో ఉన్న ఒకటి దింపమని వేలితో చూపించింది. దింపి ఇచ్చాను. థాంక్యూ అంది, నా వైపు చూడకుండానే. ఎన్నేళ్ళుగా పనిచేస్తోందీమె అని ప్రిన్సిపాల్‌గారిని అడిగింది. చాలా ఏళ్ళుగా, చాలా సిన్సియర్ అని ఆయన ఇంగ్లీషులో చెప్పారు. నాకూ ఇంగ్లీషు వచ్చు. సీసా అందుకుని మళ్ళీ పైఅరలో పెట్టాను.

తర్వాత ఆవిడ పిల్లల వైపు తిరిగి, మీకు పాఠం ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అని అడిగింది. అందరూ చల్లపల్లి పిల్ల వైపు చూశారు. ఇది నన్ను చూసిందంటే అంతా అయిపోయినట్టే.

అది చూడలేదు. నిటారుగా నిలబడి, కుర్చీలో ఉన్న మేడమ్ కళ్ళలోకే చూస్తూ పేరు చెప్పింది. అక్కడితో ఆపమని నేర్పాను. ఆపలేదు. మేడమ్ మమ్మల్ని ఎండాకాలం కాలువలోకి తీసుకెళ్తారండీ అని మొదలుపెట్టింది. వచ్చీరాని ఇంగ్లీషులో, మధ్యలో మాట దొరక్కపోతే తెలుగులో, మొత్తం చెప్పేసింది. మడుగులు, బురద, కుచ్చిళ్ళు ఎగదోపుకోవడం, కొర్రమీను ఊపిరి. ఒకసారి నా కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా గట్టెక్కకుండా పాఠం పూర్తిచేసిన సంగతి కూడా చెప్పింది. అన్నీ ఆ మేడమ్ చేసినట్టే. ఆ మేడమ్ మొహం పాలిపోయింది. కమిటీ ఆవిడ కళ్ళజోడు తీసి, ఇదీ టీచింగ్ అంటే అని చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాల్‌గారు కొట్టారు. అందరూ కొడుతుంటే నేనూ కొట్టాను.

వాళ్ళు వెళ్ళాక ఆ పిల్ల నా దగ్గరకు పరిగెత్తుకొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "మీ గురించే చెప్పానండీ. పేరొక్కటే ఆవిడది. మీ గురించి ఎవరికీ తెలియకుండా పోతుందని చెప్పానండీ" అంది. దాని తల నిమిరి, బాగా చెప్పావమ్మా అన్నాను. నిజంగా బాగానే చెప్పింది. అప్పటికి నాకు ఏ అనుమానమూ లేదు. ఆ నీలం కోటు మడతపెట్టి ఆఫీసులో ఇచ్చేసి, బస్సెక్కి ఇంటికొచ్చి, చేపల పులుసు పెట్టుకుని తిన్నాం.

కొన్ని వారాలకు గ్రేడు వచ్చింది. బాగానే వచ్చింది. టపాకాయలు కాల్చారు, లడ్లు పంచారు, రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దేవుడు ప్రార్థన విన్నాడని మా అత్తగారు చర్చిలో సాక్ష్యం చెప్పింది. కమిటీ రిపోర్టులో మా కాలేజీ గురించి మెచ్చుకున్నవి తక్కువే గానీ, వాటిలో జువాలజీ ఉంది. కాలువలో పాఠం ఉంది. దాని పక్కన ఆ మేడమ్ పేరు ఉంది.

ప్రిన్సిపాల్‌గారు మళ్ళీ పిలిచారు. ఈసారి తలుపు వేయలేదు.

"రిపోర్టులో పేరుతో సహా వచ్చేసింది కదమ్మా. ఇప్పుడావిణ్ణి పంపేస్తే రేపు ఎవరైనా వచ్చి చూస్తే ఏం చెప్పాలి? పైకి పంపిన రికార్డుల్లో మీరు ల్యాబ్ అసిస్టెంటుగా ఉన్నారు. వచ్చే కమిటీదాకా దాన్ని కదపలేం. గ్రూపైతే నిలబడింది, సంతోషించండి" అన్నారు. ఎప్పుడూ మేడమ్ అనే మనిషి అమ్మా అన్నారు. అది ప్రేమతో కాదు.

అరిచాను. ఆ ఆఫీసు గోడలు దద్దరిల్లేలా అరిచాను. ఫొటోలూ చీరలూ బావమరిదీ అన్నీ బయటపెడతానన్నాను. ఆయన ఓపిగ్గా విని, బయటపెడితే మొదట మూతబడేది మీ గ్రూపే, పిల్లలు ఏమైపోతారో ఆలోచించుకోండి అన్నారు. కొంచెం నీళ్ళు కూడా ఇచ్చారు. ఆయన చెప్పింది నిజం. నా ఏడుపంతా అక్కడే ఉంది.

గుంటూరు మేడమ్ ల్యాబ్‌లో నా కోసం నిలబడే ఉంది. కుర్చీలో కూర్చోలేదు. "నేను అడగలేదండీ" అంది. నాకు తెలుసు అన్నాను. మానేస్తానని మాత్రం ఆవిడ అనలేదు. నేనైనా అని ఉండేదాన్ని కాదేమో.

నేను ఉండిపోయాను. ఎందుకు ఉన్నావని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇంకో ఉద్యోగం చూపించేవాళ్ళు ఒక్కరూ లేరు. పైగా ఆ సీసాలు ఇంకొకరు కడగడం నేను చూడలేను.

ఎండాకాలం వచ్చింది, కాలువలు కట్టేశారు. రిపోర్టులో ఉంది కాబట్టి ఈసారి కాలేజీ బస్సు పెట్టారు, బ్యానరు పట్టించారు, ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆ మేడమ్‌కి బురద భయం. గట్టు మీది నుంచే మైకులో చెప్పింది, నేను నేర్పిన మాటలే. నన్ను బకెట్టూ వలా పట్టుకుని కింద నిలబడమన్నారు. నీలం కోటు కూడా వేసుకోమన్నారు, ఫొటోల్లో పడాలి కదా.

చల్లపల్లి పిల్ల మడుగులో దిగి, రెండు చేతులతో ఇంత కొర్రమీనుని పట్టింది. చేప కొట్టుకుంటోంది, దాని మొహమంతా బురద చిందింది, నోరంతా నవ్వు. అలవాటు కొద్దీ, మేడమ్ అని కేకేస్తూ నా వైపే పరిగెత్తుకొచ్చింది. నేను చేతులు చాచాను. రెండు అడుగుల దూరంలో దానికి గుర్తొచ్చింది. ఆగిపోయింది. నా మొహం చూడకుండా, నేను నేర్పినట్టే తల అటు తిప్పుకుని, చేపతో గట్టెక్కింది.