కడిగిన తోక

నేను గేదెల గర్భాల మీద పరిశోధన చేస్తున్నాను. పటమటలో మా ఇంటిగలావిడకు ఈ సంగతి ఇంకా మింగుడు పడలేదు. అడిగినవాళ్లందరికీ "మేడ మీద అద్దెకుండే అమ్మాయి లేడీ డాక్టరు" అని చెబుతుంది. అబద్ధం కూడా కాదు. నా పేషెంట్లందరూ ఆడవాళ్లే.

నా థీసిస్ మూగ ఎద మీద. గేదె లోపల ఎదకు వస్తుంది, పైకి గుర్తులేవీ కనిపించవు. ఆ రోజు తెలియదు కాబట్టి చూడి కట్టించే సూది వేయించరు. ఏడాది తిరిగినా గేదె చూడి కట్టదు. మా డెల్టా ఎండలకు ఇది మామూలే.

బందరు కాలువ పక్క ఊళ్లో ఒక అక్కది అలాంటి గేదె. ఎన్నిసార్లు తోలుకెళ్లినా పశువుల ఆసుపత్రిలో "ఎదలో లేదమ్మా" అని తిప్పి పంపారు. చూడి కట్టకపోతే సంతకు తోలేస్తానని ఆవిడ భర్త తేల్చేశాడు. బేరగాడు అప్పుడే వచ్చి గేదె చుట్టూ ప్రదక్షిణ కూడా చేసి వెళ్లాడు. భక్తితో కాదు.

ఆ గేదెను నేను మొదట ఆసుపత్రి ఆవరణలో చూశాను. నుదుట బొట్టు, కొమ్ములకు నూనె, ఒళ్లంతా నిగనిగ. పెళ్లిచూపులకు నేను కూడా అంత తయారవలేదు. చెయ్యి భుజం దాకా పోనిచ్చి స్కాన్ చేస్తే అండాశయం మీద ఎద వచ్చి వెళ్లిన గుర్తు స్పష్టంగా ఉంది. గేదెలో లోపమేమీ లేదు.

"ఈ మధ్య తేడా ఏమన్నా కనిపించిందా అక్కా?"

"కొంచెం నలతగా ఉందండీ డాక్టరమ్మగారూ. మొన్నొక పూట పాలు ఎగ్గొట్టింది."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటదండీ" అని ఆవిడ పక్కనున్న మగవాళ్ల వైపు చూసి తల దించుకుంది.

మా గైడుగారు మాత్రం మురిసిపోయారు. "ఇంత చక్కటి మూగ ఎద పుస్తకాల్లో కూడా దొరకదమ్మా" అన్నారు.

ఎద మూడు వారాలకొకసారి తిరిగి వస్తుంది. ఆ రోజులు దగ్గర పడ్డాక రక్తం తీసుకోవడానికని ఒక పొద్దున్నే, చెప్పకుండా, వాళ్ల ఊరు వెళ్లాను. అక్క కాలువ రేవులో గేదెను నిలబెట్టి ఎండుగడ్డి చుట్టతో తోముతోంది. వీపు అయింది, డొక్కలు అయ్యాయి, ఇక తోక మిగిలింది. తోక వెంట గాజులా మెరుస్తూ జిగురు తీగ వేలాడుతోంది. ఎదకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అక్క చెంబుతో నీళ్లెత్తింది.

"అక్కా, ఆగండాగండి."

"ఒక్క నిమిషమండీ. కడిగేసి ఆసుపత్రికే తోలుకొస్తన్నా."

"డాక్టరుగారు తోకెత్తి చూసేది ఆ తీగ కోసమే కదా."

"అదట్టా ఉంచి తెస్తే ఏమనుకుంటారండీ? గొడ్డును చూసుకోవటం చేతగాదనుకోరూ? మా వీధిలో ఎవరైనా కడిగే తోలుకెళ్తారు."

"పోనీ తీగ వేసిందని నోటితో చెప్పొచ్చుగా."

"మగ డాక్టరుతోనా? బాగానే ఉంది." చెంబు రేవు మెట్టు మీద పెట్టి అంది, "చెయ్యి లోపలికి పెట్టి మరీ చూస్తన్నారు, ఆయనకు తెలవదా ఏంటి అనుకున్నా."

ఆవిడ నలత అన్నది దీన్నే. గేదె తనకు చేతనైనంత గట్టిగానే చెప్పింది. వీధి వీధంతా మర్యాద కొద్దీ దాని మాట కాలువలో కలిపేసింది.

పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది. అప్పటిదాకా తోకకు నీళ్లు తగలనివ్వొద్దన్నాను. గేదెను అమ్ముకోమన్నా అక్క అంత బాధపడేది కాదేమో. సాయంత్రం ఆసుపత్రిలో పేడ మరకల గేదెకు కాస్త ఎడంగా, వేరేవాళ్ల గొడ్డన్నట్టు నిలబడింది. తోక ఎత్తగానే డాక్టరుగారు మారుమాట లేకుండా సూది వేశారు. గేదె ఆ తోకతోనే నా ఏప్రన్ మీద ఒకటిచ్చుకుంది. శాస్త్రానికి ఆ మాత్రం ఖర్చవుతుంది.

మూడు వారాలు దాటినా గేదె మళ్లీ ఎదకు రాలేదు. ఈ మధ్యలో తోక కడగలేదని అక్క ఒట్టేసి చెప్పింది. వాసన చూసి నమ్మాను.

నెల దాటాక స్కాన్ చేశాను. భార్యాభర్తలిద్దరూ తెర మీదకు వంగారు.

"నాకేం కనపట్టంలేదండీ" అన్నాడాయన.

"నల్లగా ఉన్నది నీళ్ల సంచి. అందులో మిణుకుమంటోందే, అది దూడ గుండె."

ఆయన కాసేపు చూసి, పక్కకు వెళ్లి బేరగాడికి ఫోన్ చేశాడు. "ఇక రాబాకలే" అన్నాడు. అంతే.

గైడుగారి చక్కటి కేసు అలా కొట్టుకుపోయింది. బదులుగా, గేదె గురించి నేను అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు "కడిగారా?" అన్నదే. అలా అడగడం మొదలెట్టాక ఆ వీధిలో చాలా మూగ గేదెలకు మాటలొచ్చాయి. నిజంగా మూగవి మిగిలాయి, నా థీసిస్‌కు అవి చాలు.

ఆ స్కాన్ రోజున, అక్క ఏడుస్తుందేమోనని నేను యంత్రం సర్దుకుంటున్నట్టు అటు తిరిగాను. ఆవిడ చూపు తోక మీదే ఉంది.

"ఇక కడగొచ్చాండీ?"

"కడగండక్కా."

చెంబు వెంటే తెచ్చుకుంది.