వంటింట్లో రోజూ ఒక లీకు

మా ప్లంబరు మామయ్యకు పొద్దున లేవగానే ఒక లీకు కనిపించాలి. కనిపించకపోతే ఆయనకు తెల్లవారినట్టే కాదు. మొహమైనా కడుక్కోకుండా ఇంటి గోడలన్నీ అరచేత్తో తడిమి, వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు.

"గోడ ఏమంటోంది మామయ్యా?" అని పక్క వాటాలోంచి నేను అడిగితే, "నీకన్నా నయంరా, అడిగినదానికే జవాబు చెబుతుంది" అనేవాడు.

ఒకసారి మా వీధి టైలరు తన కొత్త ఇల్లు చూడ్డానికి పిలిచాడు. ఈయన కుర్చీలో కూర్చోకుండా గోడకు చెవి పెట్టి నిలబడ్డాడు. టైలరు భార్య హడలిపోయి, "లోపల ఎవరైనా ఉన్నారా అన్నయ్యగారూ?" అంది.

"నీళ్లున్నాయమ్మా."

టైలరు వారం రోజులు మాట మానేశాడు. ఎనిమిదో రోజు గోడ చెమ్మగిల్లితే తనే పరుగెత్తుకొచ్చాడు.

అలాంటి మనిషిని మా అత్తయ్య ఆస్పత్రికి తోడు తీసుకెళ్లింది. ఆమెకు ఏళ్లుగా కాలేయం జబ్బు. జబ్బుకన్నా నీరసం ఎక్కువ బాధించేది. పడుకుంటే బద్ధకమనుకుంటారని తూలుతూనే అంట్లు తోమేది.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. "పేగు లోపల గోడలాంటి పల్చని పొర ఉంటుంది. అది సడలితే పేగులో ఆగిపోవాల్సినవి కొన్ని రక్తంలో కలిసి కాలేయానికి చేరతాయి. కాలేయం వాపుకీ, ఈ నీరసానికీ అదీ ఒక కారణం కావచ్చు. ఇంకా పరిశోధిస్తున్నారు."

మామయ్య లేచి నిలబడ్డాడు. "అంటే లీకేనాండీ?"

"ఒక రకంగా..."

"మరి సిమెంటు పూతలాంటిదేమైనా..."

"పూత లేదండీ. మందులు, చెప్పిన తిండి, అలసినప్పుడు విశ్రాంతి. ఈమెది బద్ధకం కాదు, జబ్బు."

ఇక వీధంతా అదే ప్రసంగం. కూరగాయలాయన్ని కూడా నిలబెట్టి, "మా ఆవిడది బద్ధకం కాదయ్యా, లోపల గోడ చెమ్మ!" అన్నాడు. ఆయన త్రాసు కిందికి దించి, "అయితే ఉల్లిపాయలు వద్దా?" అన్నాడు.

అంత ప్రచారం జరిగినా అత్తయ్య మాత్రం పడుకోదు. "పని పెట్టుకుని నడుం వాలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

అప్పటినుంచి లీకులన్నీ వంటింట్లోనే మొదలయ్యాయి. మామయ్య రోజూ వాల్వు కట్టేసి, తలుపు మూసుకుని, "పైపు విప్పాను, గంటసేపు ఎవరూ రాకండి!" అని కేకేసేవాడు. చేసేది లేక అత్తయ్య మంచమెక్కేది. "ముప్పై ఏళ్లుగా ప్లంబరు! సొంత ఇంట్లో ఒక్క లీకు ఆపలేడు..." అని నాతో అంటూ, మాట పూర్తికాకుండానే నిద్రలోకి జారేది.

ఒకరోజు సాయపడదామని మెల్లగా తలుపు నెట్టాను. గోడ ఎండుటాకులా పొడిగా ఉంది. మామయ్య ముందే పట్టుకున్న బకెట్టు నీళ్లతో అంట్లు తోముతున్నాడు. పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది. అవతల గదిలో అత్తయ్య గురక ఆగినప్పుడల్లా, పని ఇంకా సాగుతున్నట్టు రెంచితో పైపు మీద టంగుటంగుమని రెండు దెబ్బలు వేసి, గోడకు చెవి ఆనించి, గురక మళ్లీ అందుకున్నాక అంట్ల దగ్గరికి వస్తున్నాడు.

నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టాడు. దేవుడు మనిషిని పడుకోబెట్టడానికి ఎలాంటి పనిముట్లు వాడతాడో అనుకుంటూ, నేనూ గుడ్డ తీసుకుని గిన్నెలు తుడవసాగాను.

"ఒరేయ్, నాకో సాయం చేసిపెట్టాలి" అన్నాడు గుసగుసగా. "రేపూ ఎల్లుండీ పొరుగూళ్లో పని. పొద్దున్నే నువ్వొచ్చి ఇక్కడ లీకు పట్టుకోవాలి."

"నాకు ఆ పని రాదు కదా మామయ్యా!"

"మరీ మంచిది" అంటూ రెంచి నా చేతిలో పెట్టాడు. "గంటలో అయ్యేది రెండు గంటలు పడుతుంది."